ఒకే మాట వెతికితే ఇద్దరికీ వేర్వేరు ఫలితాలు ఎందుకు వస్తాయి?

గుంటూరు దగ్గర పల్లెలో అన్నయ్య, హైదరాబాద్ హాస్టల్లో చెల్లెలు. ఫోన్లో మాట్లాడుకుంటూ ఇద్దరూ ఒకే మాట సెర్చ్ చేశారనుకుందాం: మిర్చి. "నాకు ముందు ప్రభాస్ సినిమా వచ్చిందన్నయ్యా" అంటుంది ఆమె. "నాకు యార్డు రేట్లు వచ్చాయమ్మా, సినిమా ఎక్కడో కిందుంది" అంటాడు అతను. ఇద్దరూ కొట్టింది ఒకే మాట, వెతికింది ఒకే సెర్చ్ ఇంజిన్‌లో. మరి వరస ఎందుకు మారింది?

చాలామంది నోట వినిపించే జవాబు ఒకటుంది: "ఫోనుకు మన గురించి అంతా తెలిసిపోయింది." అది నిజమే అనిపించే అనుభవాలు అందరికీ ఉన్నాయి. కానీ ఆ ఒక్క మాటతో సరిపెట్టుకుంటే, సెర్చ్ ఇంజిన్‌కు మన గురించి తెలిసేది ఏమిటి, అది ఊహించేది ఏమిటి, ఆ ఊహ ఎక్కడ తప్పుతుంది అనే అసలు సంగతులు మరుగున పడిపోతాయి. 2025 మేలో గూగుల్, సెర్చ్‌లో లింకుల బదులు ఏఐ రాసిన జవాబిచ్చే తన ఏఐ మోడ్‌కు, వినియోగదారు ఒప్పుకుంటే, జీమెయిల్ లాంటి సొంత సమాచారాన్ని కలుపుకునే వీలు తెస్తామని ప్రకటించింది. అందుకని ఈ లెక్కలు ఎలా నడుస్తాయో మామూలు మాటల్లో తెలుసుకోవడం ఇప్పుడు ఇంకా అవసరం.

ఒక్క పేరు కింద నాలుగు పనులు

మనిషిని బట్టి ఫలితాలను మార్చడాన్ని పర్సనలైజేషన్ అంటున్నాం. కానీ ఈ పేరు కింద కనీసం నాలుగు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి.

మొదటిది ఊరు. "దగ్గర్లో మెడికల్ షాపు" అని కొడితే నెల్లూరులో నెల్లూరు షాపులు, వరంగల్‌లో వరంగల్ షాపులు రావాలి. దీనికి మన ఇష్టాయిష్టాలతో పని లేదు. ఫోను ఎక్కడుందో తెలిస్తే చాలు. జీపీఎస్ ఆపేసినా, ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే ఐపీ అడ్రసును బట్టి ఏ ప్రాంతమో ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

రెండోది భాష. తెలుగు లిపిలో కొట్టామా, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాట కొట్టామా, ఫోను ఏ భాషలో పెట్టుకున్నాం అనేవి. మూడోది ఇప్పుడే చేసిన పని. ఒక నిమిషం కిందట "విజయవాడ నుంచి తిరుపతి రైళ్లు" వెతికిన మనిషి వెంటనే "దర్శనం టికెట్లు" అంటే ఏ గుడి గురించి అడుగుతున్నాడో ఊహించడం కష్టం కాదు. నాలుగోది అసలైన నేర్చుకోవడం: వారాలూ నెలలూ మనం ఏం వెతికామో, ఏవి తెరిచామో చూసి మన ఇష్టాల పట్టిక ఒకటి తయారుచేసుకోవడం. ఆ పట్టికనే ప్రొఫైల్ అంటారు.

"ఫోనుకు అంతా తెలుసు" అనే భయం ఈ నాలుగో పని గురించే. కానీ రోజూ మన కంటికి కనిపించే తేడాల్లో ఎక్కువ భాగం మొదటి మూడింటి వల్ల వచ్చేవే. కొలిచి చూసినవాళ్లకు ఏం దొరికిందో తర్వాత చూద్దాం.

ఊరిని బట్టి మార్చడం వినడానికి సులువైన పనిలా ఉంటుంది. పంచాంగం సంగతి తీసుకుంటే అదెంత చిక్కో అర్థమవుతుంది. రాహుకాలం సూర్యోదయాన్ని బట్టి మారుతుంది. తిథి మొదలయ్యే గడియ కూడా అమెరికా గడియారంలో వేరు, మన గడియారంలో వేరు. డాలస్‌లో ఉన్న తెలుగావిడ "ఈరోజు రాహుకాలం" అని వెతికితే డాలస్ సమయం చూపడమే సరైనది, ఆమె ఇంట్లో పూజ చేసుకోబోతోంది కాబట్టి. అదే ఆమె విజయవాడలో జరిగే తమ్ముడి పెళ్లి పనుల కోసం వెతుకుతుంటే ఆ జవాబు పూర్తిగా తప్పు. కొట్టిన మాటలు రెండుసార్లూ అవే, ఫోను ఉన్న చోటు కూడా అదే. మారింది ఆమె మనసులో ఉన్న పని ఒక్కటే. ఖమ్మం మిర్చి రైతుకూ ఇదే ఇబ్బంది. ఖమ్మంలో ఉన్నాడని ఖమ్మం రేటే ముందు పెడితే, సరుకు గుంటూరు తీసుకెళ్లాలా వద్దా అని తేల్చుకుంటున్న మనిషికి అది సగం జవాబే అవుతుంది.

ఇక ప్రకటనల సంగతి వేరు. చీర గురించి వెతికిన కాసేపటికి ఎక్కడ చూసినా చీరల ప్రకటనలు రావడం ప్రకటనల వ్యాపారం చేసే పని. సెర్చ్ ఫలితాల వరసను తేల్చే పద్ధతీ ప్రకటన ఎవరికి చూపాలో తేల్చే పద్ధతీ ఒకటి కావు. రెండింటికీ ఒకే కంపెనీ యజమాని కావడం వల్ల జనం ఒకటే అనుకుంటారు. ఈ వ్యాసం మొదటిదాని గురించి.

అడగకుండా ఇష్టం తెలుసుకోవడం

నీకేం కావాలో చెప్పు అని మనిషినే అడగడం అన్నింటికన్నా నేరుగా ఉండే దారి. సెర్చ్ పరిశోధనలో ఈ దారి పాతదే. 1971లో జోసెఫ్ రోకియో పేరు మీద వచ్చిన పద్ధతిలో, వచ్చిన పత్రాల్లో పనికొచ్చేవి ఏవో, రానివి ఏవో మనిషి గుర్తుపెడతాడు. పనికొచ్చిన వాటిలోని మాటలకు బరువు పెంచి, రాని వాటిలోని మాటలకు బరువు తగ్గించి కంప్యూటర్ మళ్లీ వెతుకుతుంది. ఆలోచన చక్కనిది. కానీ మామూలు మనుషులకు గుర్తులు పెట్టే ఓపిక ఉండదు. గూగుల్ 2008 నవంబరులో సెర్చ్‌వికీ అనే సదుపాయం తెచ్చింది. ఎవరికి వారు తమ ఫలితాలను పైకి జరుపుకోవచ్చు, వద్దనుకున్నవి తీసేయవచ్చు. 2010 మార్చిలో దాన్ని తీసేసి, నచ్చిన పేజీకి నక్షత్రం గుర్తు పెట్టుకునే చిన్న సదుపాయంతో సరిపెట్టింది.

అడిగి తెలుసుకోవడం కుదరనప్పుడు చూసి తెలుసుకోవాలి. చూడ్డానికి దొరికేది క్లిక్. ఏ లింకు నొక్కారు, ఏది వదిలేశారు, లోపలికి వెళ్లి ఎంతసేపు ఉన్నారు.

క్లిక్ అంటే ఇష్టం అని నేరుగా అనుకోవడానికి లేదు. కార్నెల్ యూనివర్సిటీలో థోర్స్టెన్ యోకిమ్స్ బృందం కంటి చూపును కొలిచే పరికరాలతో ఈ విషయాన్ని పరీక్షించింది. మనుషులు పైనుంచి కిందకి చదువుతారు, పైన ఉన్నదాన్నే ఎక్కువగా నొక్కుతారు. పరిశోధకులు కొందరికి మొదటి ఫలితాన్నీ రెండోదాన్నీ తారుమారు చేసి చూపించారు. అప్పుడు కూడా పైన ఉన్నదానికే క్లిక్‌లు ఎక్కువ పడ్డాయి. పైన పెట్టారంటే మంచిదే అయ్యుంటుందనే నమ్మకం అది. కాబట్టి మొదటి లింకు నొక్కామంటే అది మనకు నచ్చిందని రుజువేమీ లేదు.

మరి క్లిక్‌లో పనికొచ్చే సమాచారం ఏమీ లేదా? ఉంది, కొంచెం జాగ్రత్తగా చదవాలి. ఒకరు మొదటిదీ రెండోదీ నొక్కకుండా దాటేసి మూడోది నొక్కారనుకోండి. మూడోది గొప్పదని దీనివల్ల తెలియదు. కానీ పై రెండింటికన్నా అదే మేలనిపించిందని చెప్పవచ్చు. 2002లో యోకిమ్స్ ప్రచురించిన పద్ధతికి మూలం ఇదే: క్లిక్‌ను మార్కులా కాకుండా పోలికలా చదవడం. ఇలాంటి పోలికలు లక్షల్లో పోగైతే వాటినుంచి వరస నేర్చుకోవచ్చు.

రెండో ఆధారం పేజీలో గడిపిన సమయం. రష్యా సెర్చ్ కంపెనీ యాండెక్స్ 2013లో, ఎవరెవరో తెలియకుండా పేర్లు తీసేసిన 27 రోజుల సెర్చ్ రికార్డులతో ఒక పోటీ పెట్టింది. మనిషిని బట్టి ఫలితాల వరస మార్చి చూపమన్నదే పోటీ. అందులో క్లిక్‌లను మూడు రకాలుగా విడగొట్టారు. నొక్కి 50 సమయ ప్రమాణాలు (ఆ రికార్డుల్లో కాలాన్ని కొలిచిన యూనిట్లు) కూడా ఉండకుండా వెనక్కి వస్తే సున్నా. 50 నుంచి 399 దాకా ఉంటే ఒకటి. 400 లేదా అంతకుమించి ఉంటే రెండు. ఆ విడత వెతుకులాటలో చివరి క్లిక్ అదే అయితే, అంటే ఇక వెతకడం మానేస్తే, దానికీ రెండే. దొరికింది కాబట్టే ఆపేశారని అర్థం చేసుకున్నారు.

విసిగిపోయి ఆపేసినవాళ్లు కూడా ఈ లెక్కలో దొరికినవాళ్లుగానే కనిపిస్తారు. పేజీ తెరిచి పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచి వెళ్లిన ఆవిడ చాలా శ్రద్ధగా చదివినట్టు లెక్కలోకి వస్తుంది. క్రికెట్ స్కోరు చూసి ఏమీ నొక్కకుండా వెళ్లిపోయిన వాడికి ఏమీ నచ్చనట్టు కనిపిస్తుంది, నిజానికి అతనికి కావలసింది దొరికింది. ఇలాంటి తప్పులు కోట్ల మంది లెక్కలో కలిసి సర్దుకుపోతాయి. ఒక్క మనిషి ప్రొఫైల్‌లో అలా సర్దుకోవు, ఒక మనిషి క్లిక్‌లు రోజుకు పదో ఇరవయ్యో కాబట్టి. పర్సనలైజేషన్‌లో అసలు కష్టం ఇదేనని నా అభిప్రాయం.

పాత ఇష్టాలను మరిచిపోవడం కూడా నేర్చుకోవాలి. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక విషయం మీద క్లిక్ పడినప్పుడు దాని బరువు 1 అనుకుని, రోజు గడిచేకొద్దీ ఆ బరువును 0.9తో గుణిస్తూ పోతే, వారం తర్వాత మిగిలేది 0.48. నెల తర్వాత 0.04, దాదాపు ఏమీ లేనట్టే. ఇంటర్ రిజల్టుల కోసం నాలుగు రోజులు టెన్షన్‌గా వెతికిన ఇంటికి నెల తర్వాత ఆ ఊసు అక్కర్లేదు, కాబట్టి అక్కడ త్వరగా మరవడం మంచిది. కానీ ఏడాదికోసారి జనవరిలో మిర్చి రేట్లు చూసుకునే రైతు ఇష్టాన్ని కూడా ఈ లెక్క మరిచిపోతుంది. ఎంత వేగంగా మరవాలనేదానికి అందరికీ సరిపోయే అంకె లేదు.

మిర్చి లెక్క

ఇప్పుడు అన్నాచెల్లెళ్ల దగ్గరికి వద్దాం. ఈ కింది అంకెలన్నీ అర్థం కావడానికి నేను వేసుకున్నవి. అసలు సెర్చ్ ఇంజిన్‌లో ఇలాంటి అంకెలు వందల రకాలుగా ఉంటాయి.

"మిర్చి" అన్న మాటకు నాలుగు ఫలితాలు ఉన్నాయనుకుందాం. ఎవరు వెతికారో చూడకుండా, దేశంలో అందరినీ కలిపి వేసిన మార్కులు ఇవి: సినిమా పేజీ 0.80, గుంటూరు యార్డు రేట్లు 0.70, మిర్చి బజ్జీ తయారీ 0.65, ఎఫ్‌ఎం రేడియో 0.60. ఈ లెక్కన అందరికీ సినిమాయే ముందు రావాలి.

అన్నయ్య ప్రొఫైల్‌లో వ్యవసాయం 0.6, సినిమా 0.2, వంట 0.1, రేడియో 0.1. చెల్లెలి ప్రొఫైల్‌లో సినిమా 0.5, వంట 0.3, రేడియో 0.2, వ్యవసాయం సున్నా. తుది మార్కులో అందరి లెక్కకు 70 శాతం, సొంత ఇష్టానికి 30 శాతం విలువ ఇద్దాం.

అన్నయ్యకు యార్డు రేట్లు: 0.70లో 70 శాతం 0.49, దానికి 0.6లో 30 శాతం 0.18 కలిపితే 0.67. సినిమాకు 0.56, 0.06 కలిపి 0.62. బజ్జీకి 0.485, రేడియోకు 0.45. యార్డు రేట్లు మొదటికి వచ్చాయి. చెల్లెలికి సినిమా 0.71, బజ్జీ 0.545, యార్డు 0.49, రేడియో 0.48. ఆమెకు సినిమా కదల్లేదు, కానీ రెండో స్థానంలో ఉండాల్సిన యార్డు రేట్లు మూడోదానికి దిగి బజ్జీలు పైకి వచ్చాయి.

ఇప్పుడు ఇష్టానికి 30 బదులు 10 శాతం విలువే ఇస్తే? అన్నయ్యకు కూడా సినిమాకు 0.74, యార్డుకు 0.69 వస్తాయి. మళ్లీ సినిమాయే ముందు. అంటే ప్రొఫైల్ ఎంత బాగా తయారైనా, దానికి ఎంత మాట చెల్లనివ్వాలి అన్నది కంపెనీ తీసుకునే నిర్ణయం. ఆ నిర్ణయం పేజీలో ఎక్కడా కనిపించదు.

దీనికి ముందు దశ ఒకటుంది. వరస మార్చాలంటే వరసలో పెట్టడానికి తగినన్ని పేజీలు ఉండాలి. ఇంగ్లిష్‌లో ఒక మాటకు వేల మంచి పేజీలుంటే, వాటిలోంచి మనిషికి తగ్గవి ఏరవచ్చు. తెలుగులో చాలా విషయాలకు సరైన పేజీలు పదీ పదిహేను కూడా ఉండవు. అప్పుడు ఎవరి ప్రొఫైల్ ఏదైనా అవే పేజీలు అటూ ఇటూ జరుగుతాయి. తెలుగులో వెతికేవాళ్లకు పర్సనలైజేషన్ మేలు తక్కువగా అందడానికి ఇదొక ముఖ్య కారణమని నాకనిపిస్తుంది. ఆ లోటు తీరాలంటే తెలుగులో రాసేవాళ్లు పెరగాలి తప్ప లెక్కలు పెంచితే లాభం లేదు.

అన్ని మాటలకూ ఇది అక్కర్లేదు

"ఐఆర్‌సీటీసీ" అని వెతికేవాళ్లలో దాదాపు అందరికీ కావలసింది ఒక్క వెబ్‌సైటే. అక్కడ ఇష్టాలు చూసి మార్చడానికి ఏమీ లేదు, మారిస్తే చెడగొట్టినట్టే. "మిర్చి" అలా కాదు. ఈ తేడాను కొలవడానికి పరిశోధకులు క్లిక్ ఎంట్రోపీ అనే కొలమానం వాడతారు. ఒక మాట వెతికినవాళ్ల క్లిక్‌లు ఎన్ని వైపులకు చెదిరాయో అది చెబుతుంది. అందరూ ఒకే లింకు నొక్కితే సున్నా. సగం మంది ఒకటి, సగం మంది ఇంకొకటి నొక్కితే 1. నాలుగు లింకులకు సమానంగా పంచుకుంటే 2.

2007లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు పాల్గొన్న ఒక అధ్యయనం ఆ కంపెనీ సెర్చ్ ఇంజిన్ ఎంఎస్ఎన్ సెర్చ్‌లో 12 రోజుల రికార్డులను తీసుకుని రకరకాల పర్సనలైజేషన్ పద్ధతులను పోల్చింది. ఎంట్రోపీ ఎక్కువున్న మాటలకు మేలు బాగా కనిపించింది. తక్కువున్న మాటలకు మేలు దాదాపు లేదు, కొన్నిచోట్ల ఫలితాలు ఇంకా చెడ్డాయి. ఒకరు గతంలో అదే మాట వెతికి ఏ లింకు నొక్కారో చూసి మళ్లీ దాన్నే పైకి తేవడమనే అతి సులువైన పద్ధతి బాగా నిలబడితే, ఇష్టాల పట్టికలు వేసి ఊహించే పద్ధతులు అంత నిలకడగా లేవు. మనిషి ఎలాంటివాడో తేల్చడం కన్నా, ఆ మనిషి పోయినసారి ఏం చేశాడో గుర్తుపెట్టుకోవడమే నమ్మదగ్గదిగా తేలింది.

ఒకే ఫోను, నలుగురు మనుషులు

ప్రొఫైల్ మనిషిది అనుకుంటాం. నిజానికి అది ఒక అకౌంటుది, లేదా ఒక ఫోనుది. మన ఇళ్లలో ఈ రెండూ ఒకటి కావు. పొద్దున నాన్న రేట్లు చూస్తారు, మధ్యాహ్నం అమ్మ వంటలు వెతుకుతుంది, సాయంత్రం పిల్లలు హోంవర్కు, రాత్రి అందరూ సినిమా కబుర్లు.

పై లెక్కలో అన్నయ్య, చెల్లెలు ఒకే ఫోను సమానంగా వాడుతున్నారని మార్చి చూద్దాం. ప్రొఫైల్ ఇద్దరి సగటు అవుతుంది: వ్యవసాయం 0.3, సినిమా 0.35, వంట 0.2, రేడియో 0.15. మార్కులు వేస్తే సినిమా 0.665, యార్డు 0.58, బజ్జీ 0.515, రేడియో 0.465. ఎవరి ఇష్టమూ చూడకుండా మొదట వేసిన వరస ఏదో సరిగ్గా అదే వచ్చింది! ఇద్దరి సమాచారమూ పోగుచేసుకుంది, ఇద్దరికీ ఒరగబెట్టింది ఏమీ లేదు.

ఇది లాభం లేకపోవడం వరకే. నష్టం కూడా ఉంది, అది నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. సెర్చ్ పెట్టెలో రెండు అక్షరాలు కొట్టగానే పాత వెతుకులాటలు సూచనలుగా దిగుతాయి. నెలసరి తప్పిందని భయపడి వెతికిన అమ్మాయి, మనసు బాగోలేదని వెతికిన అబ్బాయి, ఇంట్లో హింస గురించి ఎక్కడ ఫిర్యాదు చేయాలో వెతికిన ఇల్లాలు, ఆ ఫోనే మర్నాడు ఇంకొకరి చేతిలో ఉంటుందని తెలిసినవాళ్లే. సాయం చేయాలని తయారుచేసిన జ్ఞాపకం వాళ్ల రహస్యాన్ని ఇంట్లోనే బయటపెట్టగలదు. అందుకే చాలామంది అడగాల్సిన ప్రశ్న అడగడమే మానేస్తారు. ఈ మౌనం ఏ కొలతలోనూ కనిపించదు.

బుడగ ఉందా?

2011లో అమెరికా కార్యకర్త ఎలై పరైజర్ "ఫిల్టర్ బబుల్" అనే మాటను వాడుకలోకి తెచ్చారు. ఎవరికి నచ్చేవి వారికే చూపుతూ పోతే ప్రతి మనిషీ తన అభిప్రాయాల బుడగలో చిక్కుకుంటాడన్నది ఆయన వాదన. ఈజిప్టులో తిరుగుబాటు జరుగుతున్న రోజుల్లో ఇద్దరు స్నేహితులు "ఈజిప్ట్" అని గూగుల్‌లో వెతికితే ఒకరికి ఆ ఆందోళనల గురించి ఫలితాలు వచ్చాయనీ, ఇంకొకరి మొదటి పేజీలో అవి కనిపించలేదనీ ఆయన చూపించారు. భయం ఊరికే పుట్టలేదు. గూగుల్ 2004లో ప్రయోగంగా మొదలుపెట్టి, 2005లో లాగిన్ అయినవాళ్లకు చరిత్రను బట్టి ఫలితాలు మార్చింది. 2009 డిసెంబరులో లాగిన్ కానివాళ్లకు కూడా, బ్రౌజర్ కుకీ (ఆ బ్రౌజర్‌ను గుర్తుపట్టడానికి అందులో దాచే చిన్న ఫైలు) ఆధారంగా 180 రోజుల వెతుకులాటను చూసి మార్చడం మొదలుపెట్టింది.

అయితే ఇద్దరి తెరలు పోల్చి తేడా కనిపిస్తే అది పర్సనలైజేషనే అని చెప్పలేం. సెర్చ్ ఇంజిన్‌కు వేర్వేరు చోట్ల సర్వర్లు ఉంటాయి, అన్నీ ఒకే క్షణంలో తాజా కావు. కొత్త పద్ధతులను కొంతమంది మీద పరీక్షిస్తూ ఉంటారు. ఒకే మనిషి ఒకే నిమిషంలో రెండుసార్లు వెతికినా వరస కొంచెం మారవచ్చు. ఈ సహజమైన చెదురును తీసేస్తే మిగిలిందే పర్సనలైజేషన్.

అమెరికాలో నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 2013లో ఆ పని చేశారు. అసలు గూగుల్ అకౌంట్లు ఉన్న 200 మందితో వెతికించి, అదే సమయంలో చరిత్ర ఏమీ లేని ఖాతాల నుంచీ వెతికి తేడా కట్టారు. సగటున 11.7 శాతం ఫలితాల్లో పర్సనలైజేషన్ వల్ల తేడా ఉంది. ఆ తేడా దేనివల్లో తెలుసుకోవడానికి వయసు, ఆడామగా, వెతికిన చరిత్ర ఇలా ఒక్కొక్కటీ మార్చిన కృత్రిమ ఖాతాలతో చూస్తే, కొలవగలిగినంత మార్పు తెచ్చినవి రెండే: లాగిన్ అయి ఉండటం, ఐపీ అడ్రసు చెప్పే ప్రాంతం.

జర్మనీలో 2017 పార్లమెంటు ఎన్నికల ముందు వేల మంది స్వచ్ఛందంగా తమ బ్రౌజర్లలో ఒక చిన్న సాధనం పెట్టుకుని, పార్టీల, నాయకుల పేర్లకు తమకు వచ్చే గూగుల్ ఫలితాలను పరిశోధకులకు ఇచ్చారు. అక్కడ కూడా మనిషికీ మనిషికీ తేడా చాలా తక్కువగా తేలింది. 2018లో డక్‌డక్‌గో అనే సెర్చ్ కంపెనీ దీనికి ఎదురు మాట చెప్పింది: 87 మందితో తుపాకుల నియంత్రణ, వలసలు, టీకాల గురించి ఒకే సమయంలో వెతికిస్తే ఎక్కువమందికి ఇంకెవరికీ రాని వరసలు వచ్చాయనీ, ప్రైవేట్ మోడ్‌లో కూడా తేడాలు పోలేదనీ. ఆ తేడాలు పర్సనలైజేషన్ వల్ల వచ్చినవి కావని గూగుల్ తోసిపుచ్చింది. డక్‌డక్‌గో గూగుల్‌కు పోటీ కంపెనీ అనీ, తాను ఎవరినీ వెంటాడి గమనించనని చెప్పుకునే కంపెనీ అనీ గుర్తుపెట్టుకోవాలి. గూగుల్ కూడా ఈ విషయంలో బయటి మనిషి కాదు. ప్రైవేట్ మోడ్‌లో కూడా తేడాలు మిగిలాయన్న సంగతిని మాత్రం రెండు వైపులకూ చదవవచ్చు. గుర్తుపట్టే దారులు ఇంకా ఉన్నాయని ఒకరంటే, అసలు ఆ తేడాలకు మనిషి చరిత్రతో సంబంధమే లేదని ఇంకొకరు అనవచ్చు.

2023లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఈ ప్రశ్ననే కొంచెం పక్కకు జరిపింది. అమెరికాలో 2018, 2020 ఎన్నికల సమయాల్లో గూగుల్ ఏ వార్తా సైట్లు చూపింది, మనుషులు వాటిలో ఏవి నొక్కారు, మొత్తం మీద ఏవి చదివారు అని విడివిడిగా చూసింది. గూగుల్ చూపినవాటికన్నా మనుషులు ఎంచుకుని చదివినవే ఒక పక్షం వైపు ఎక్కువగా మొగ్గాయి. అంటే బుడగలో కొంత భాగం మనం తయారుచేసుకున్నదే. ఏ మాటలతో వెతుకుతామన్నది కూడా అందులో భాగమే. "టీకా నష్టాలు" అని వెతికేవాడికీ "టీకా ఎందుకు వేయించాలి" అని వెతికేవాడికీ ఫలితాలు వేరుగా రావడానికి ప్రొఫైల్ అవసరం లేదు.

నాకు ఈ ఆధారాలన్నీ కలిపి చూస్తే, వెబ్ సెర్చ్‌లో బుడగ భయం ఉన్నదానికన్నా పెద్దదైందనే అనిపిస్తుంది. కానీ ఇవన్నీ అమెరికా, యూరప్ కొలతలు. తెలుగులో, మన ఎన్నికల సమయంలో, మన పేర్లతో ఇలాంటి కొలత ఒకటి జరిగితే బాగుండును.

గుర్తుపెట్టుకోవడానికి వెల

2006 ఆగస్టులో అమెరికాలో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ సంస్థ పరిశోధకుల కోసమని దాదాపు 6,50,000 మంది మూడు నెలల పాటు వెతికిన సుమారు 2 కోట్ల వెతుకులాటలను బయటపెట్టింది. పేర్లు తీసేసి నంబర్లు పెట్టింది. కొద్ది రోజులకే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక నంబరు కింద ఉన్న ఊరి పేరు, ఇంటిపేరు, జబ్బుల గురించిన వెతుకులాటలను కలిపి చూసి, ఆ నంబరు వెనక ఉన్న పెద్దావిడ ఇంటి తలుపు తట్టారు. పేరు తీసేసినంత మాత్రాన మనిషి దాగడని అప్పుడు తెలిసింది. మనం వెతికిన మాటల వరసే మన పేరు లాంటిది.

సమాచారం సర్వర్‌కు చేరకుండా నేర్చుకోలేమా అంటే, 2005లోనే అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీకి చెందిన జేమీ టీవన్, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు సూజన్ డ్యూమే, ఎరిక్ హార్విట్జ్ ఒక దారి చూపించారు. మనిషి కంప్యూటర్లోనే ఉన్న పత్రాలు, మెయిళ్లు, చూసిన పేజీలతో ప్రొఫైల్ తయారై అక్కడే ఉంటుంది. సెర్చ్ ఇంజిన్ మామూలు ఫలితాలను పంపితే, కంప్యూటరే వాటి వరస మారుస్తుంది. ఇష్టాల పట్టిక ఇల్లు దాటదు. సాంకేతికంగా ఇది అప్పుడే కుదిరింది. కానీ కంపెనీల దగ్గర సమాచారం పోగుపడే పద్ధతే ఎక్కువగా నడిచింది, ఎందుకంటే ఆ సమాచారానికి సెర్చ్‌తో పాటు వేరే ఉపయోగాలూ ఉన్నాయి.

చట్టాలు తలో దారి పట్టాయి. యూరప్ డిజిటల్ సర్వీసెస్ చట్టం, అక్కడ నెలకు 4.5 కోట్ల మంది లేదా అంతకుమించి వాడే ప్లాట్‌ఫాంలు, సెర్చ్ ఇంజిన్లు మనిషికి తగ్గట్టు ఏరి చూపుతుంటే, ప్రొఫైల్ మీద ఆధారపడని దారి కూడా కనీసం ఒకటి ఇవ్వాలంటుంది. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రధానంగా సమ్మతి చుట్టూ నడుస్తుంది. ఏ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, ఒప్పుకున్న మనిషి తర్వాత వద్దనవచ్చు. 18 ఏళ్ల లోపు పిల్లల ప్రవర్తనను వెంటాడి గమనించడాన్నీ, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపడాన్నీ ఆ చట్టం నిషేధించింది. కానీ పిల్లవాడు నాన్న ఫోన్లో వెతికినప్పుడు ఆ ప్రొఫైల్ పెద్దవాడిదిగానే కనిపిస్తుంది. ఇంతకుముందు చెప్పిన ఇంటి సమస్య చట్టం దాకా వచ్చింది.

గూగుల్ వైపు నుంచి చూస్తే, 2020 జూన్ తర్వాత కొత్తగా తెరిచిన అకౌంట్లలో వెతికిన చరిత్ర 18 నెలలు దాటితే దానంతట అదే చెరిగిపోయేలా పెట్టారు. ఫలితాలు పర్సనలైజ్ అయినప్పుడు పేజీ అడుగున, పర్సనలైజేషన్ లేకుండా చూడండి అనే లింకు కూడా కనిపిస్తోంది. పేజీ అడుగు దాకా వెళ్లేవాళ్లు ఎందరన్నది వేరే ప్రశ్న.

జాబితా పోయి జవాబు వచ్చినప్పుడు

ఇంతవరకు చెప్పినదంతా ఒక జాబితా గురించి. జాబితాలో పర్సనలైజేషన్ చేసేది వరస మార్చడం. అన్నయ్యకు సినిమా కిందకి పోయింది కానీ పేజీలోంచి మాయం కాలేదు. వేలితో పైకి జరిపితే కనిపిస్తుంది. చెల్లెలి తెరతో పోలిస్తే ఏది ఎక్కడికి జరిగిందో చెప్పవచ్చు. నార్త్ఈస్టర్న్ కొలతైనా, జర్మనీ కొలతైనా సాధ్యమైంది అందువల్లే: పక్కపక్కన పెట్టి పోల్చడానికి రెండు జాబితాలున్నాయి.

ఏఐ జవాబులో పది లింకుల బదులు ఒక పేరా వస్తుంది. దానికి మన మెయిళ్లు, ప్రయాణ టికెట్లు, కొన్న వస్తువులు తెలిస్తే జవాబు ఎంతో పనికొస్తుంది కూడా. డాలస్ ఆవిడ మెయిల్‌లో విజయవాడకు విమానం టికెట్ ఉందని తెలిసిన సెర్చ్, రాహుకాలం ఏ ఊరిది చెప్పాలో సరిగ్గా ఊహించగలదు. పాత పద్ధతులేవీ తీర్చలేని చిక్కు అది. ఇంకోవైపు, అదే తెలివితో తయారైన జవాబులో ఏది వదిలేశారో తెలిసే దారి సన్నబడుతుంది. పేరా కింద కొన్ని లింకులిచ్చినా, రాయని వాక్యానికి లింకు ఉండదు. ఒకే ప్రశ్నకు రెండుసార్లు రెండు రకాల మాటల్లో జవాబు రావడం ఏఐకి మామూలే కాబట్టి, ఆ తేడా మనిషిని బట్టి వచ్చిందా, ఊరికే వచ్చిందా అని తేల్చడం కూడా పాత కొలతలకన్నా కష్టం.

అన్నాచెల్లెళ్లు ఈసారి ఫోన్లో మాట్లాడుకుంటూ "ఈ ఏడాది మిర్చి వేయడం లాభమేనా" అని ఇద్దరూ అడిగారనుకోండి. ఇద్దరికీ చెరొక చక్కని పేరా వచ్చింది. అతను తనది చదివి వినిపిస్తాడు, ఆమె తనది చదువుతుంది. అతనికి వచ్చినదాంట్లో కోల్డ్ స్టోరేజీ ఖర్చుల గురించి ఒక వాక్యం ఉంది, ఆమెకు వచ్చినదాంట్లో లేదు. ఈసారి కిందకి జరిపి చూసుకోవడానికి మూడో వరసంటూ ఏదీ లేదు. ఆమె పేరాలో ఆ వాక్యం లేదన్న సంగతి అన్నయ్య తనది చదివి వినిపించాడు కాబట్టే తెలిసింది.